తిరణాల బొమ్మలో పొద

ఆ పొద వెనక ఒక మనిషి ఉన్నాడని మా మ్యూజియంలో అందరూ నమ్మారు. డైరెక్టర్ నమ్మాడు. మా హెడ్ నమ్మింది. బొమ్మ తెచ్చిచ్చిన ముసలాయన చిన్నప్పటినుంచీ నమ్ముతూనే ఉన్నాడు. నేనూ నమ్మాను. ఆ నమ్మకం మీద ఒక పిల్ల ఉద్యోగం వేలాడింది. ఆ సంగతే ఇది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదవాలని రాస్తున్నాను గానీ, చదివి బాగుపడతారని కాదు.

నా గురించి రెండు మాటలు చాలు. న్యూజెర్సీలోని ఆ మ్యూజియంలో నేను చేరింది నేలలు తుడవడానికి. నలభై దాటాక జెర్సీ సిటీ లైబ్రరీలో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు ఇంకా తర్వాత, మా కోడలి దగ్గర. అచ్చుబొమ్మల విభాగంలో మ్యాట్లు కోసే ఆయన రిటైరవుతూ, "నీ చెయ్యి వణకదు, నేర్చుకో" అని కత్తి నా చేతికిచ్చాడు. మ్యాట్ అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే మందపాటి తెల్ల అట్ట. ఫ్రేము అద్దం బొమ్మకు తగలకుండా చూస్తుంది. బొమ్మలో ఏది కనిపించాలో, ఏది కనిపించకూడదో కూడా అదే తేలుస్తుంది. ఈ రెండో పని గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాది మావాళ్లు హాలండ్ దేశపు పాత తిరణాల బొమ్మలతో ఎగ్జిబిషన్ తలపెట్టారు. ఆ తిరణాలను అక్కడ కెర్మిస్ అంటారట. చర్చి పండగ పేరుతో మొదలై, తాగి కొట్టుకోవడంతో ముగుస్తుంది. రాగి రేకు మీద గీతలు చెక్కి, సిరా పూసి, కాగితం మీద ఒత్తి తీసిన బొమ్మలు. రంగులుండవు. ఒక్కో కాగితంలో ఊరికి ఊరు ఉంటుంది. సత్రం కిటికీలోంచి జెండా వేలాడుతుంటుంది. పీపా మీద నిలబడి ఒకడు తోలుతిత్తి బూర ఊదుతుంటాడు. దొంగ వైద్యుడు అరుగెక్కి పళ్లు పీకుతుంటే, వాడి మనిషి కింద జనం జేబులు కొడుతుంటాడు. దేవుడి ఊరేగింపు ఎక్కడో వెనకాల చీమలబారులా ఉంటుంది. ముందంతా తిండీ, తాగుడూ, చిందులూ. మొదటిసారి చూసినప్పుడు, ఇందులో రంగులరాట్నం ఒక్కటే తక్కువ అనుకున్నాను.

ఇలాంటి బొమ్మల్లో ఏదో ఒక మూల ఎవడో ఒకడు పంట్లాం దించుకుని గొంతుక్కూర్చుని ఉంటాడు. చెక్కినవాళ్ల చమత్కారం అది. ఎగ్జిబిషన్‌కని ముసలాయన అరువిచ్చిన బొమ్మలో కూడా ఎడమ పక్క కింది మూల, కంచె వారన, అలాంటివాడు ఒకడుండాలి. అదే రేకు నుంచి తీసిన వేరే అచ్చు ఇంకో ఊరి మ్యూజియంలో ఉంది. దాంట్లో వాడు టోపీ పెట్టుకుని, నేరుగా మనవైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. మా దగ్గరికొచ్చిన కాగితంలో మాత్రం ఆ చోట ఒక పొద. చిన్న కాగితం ముక్క మీద ఎవరో సిరాతో గీసి అంటించిన పొద. చక్కగానే గీశారు. ఆకు మీద ఆకు, నీడ గీతలు కూడా పక్క గీతలతో కలిసిపోయాయి. దగ్గరికెళ్లి చూస్తేగానీ అతుకు తెలియదు.

"మా నాయనమ్మ పని," అనేవాడు ముసలాయన. ఆయన మిషిగన్‌లో, హాలండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఊళ్లో పుట్టి పెరిగాడు. "ఇంట్లో పిల్లలున్నారని వాడికి పొద కప్పింది. మా నాయనమ్మ కుర్చీ కోళ్లకు కూడా గౌను తొడిగే రకం." ఈ జోకు ఆయన వచ్చిన ప్రతిసారీ చెప్పేవాడు. చెప్పి, కర్ర నేలకేసి కొట్టి నవ్వేవాడు. ఆ తర్వాత గొంతు తగ్గించేవాడు. "నా గుండె సగమే పనిచేస్తోంది. పోయేలోగా వాణ్ణి ఒకసారి చూసిపోవాలి."

డైరెక్టర్‌కి ఈ కథ తెగ నచ్చింది. ఎగ్జిబిషన్ తెరిచే ముందు ముసలాయన్నీ, ఇద్దరు ముగ్గురు పెద్ద దాతలనూ పిలిచి, పొద తీసేసిన బొమ్మ చూపిస్తానని అందరికీ చెప్పేశాడు. పొద తీసే పని మా దగ్గరున్న వరంగల్ పిల్ల మీద పడింది.

పాత కాగితాలకు వైద్యం చేసేవాళ్లను కన్సర్వేటర్లంటారు. ఆ పిల్ల ఎఫ్‌వన్ స్టూడెంట్ వీసా మీద వచ్చి ఆ చదువే మాస్టర్స్ చేసింది. చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద మా దగ్గర పనిచేస్తోంది. ఆ గడువు ముగియవస్తోంది. పర్మనెంట్ చేసి హెచ్‌వన్ వీసాకి ఫైల్ చేస్తేనే ఇక్కడ ఉండడం. లేకపోతే పెట్టె సర్దుకోవడం. మా హెడ్ ఆమెతో నా ఎదుటే అంది. "ఈ బొమ్మ సవ్యంగా చెయ్యి. డైరెక్టర్‌తో నేను మాట్లాడతాను." హెడ్ అంటే ఆ వైద్యశాలకు పెద్ద. తెల్లావిడ. చెడ్డది కాదు, భయస్తురాలు. ఆవిడ మాట్లాడేదంతా ఇంగ్లీషే. నాకు అర్థమైనట్టు తెలుగులో పెడుతున్నాను.

పిల్ల బొమ్మను చాలాసేపు చూసి, వెనక్కి తిప్పింది. కాగితం మొత్తాన్ని ఎవరో మందపాటి అట్టకు అంటించేశారు.

"ముందు ఈ అట్ట తీద్దాం," అంది. "అట్ట ఉంటే వెనకనుంచి లైటు వేసినా ఏమీ కనిపించదు. పొద కింద కాగితం ఎట్లా ఉందో తెలియకుండా పైనుంచి ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు."

"అట్ట తీయడానికి వారాలు పడుతుంది. అంత టైము లేదు," అంది హెడ్. "ముందు పొద తియ్యి. అట్ట సంగతి ఎగ్జిబిషన్ అయ్యాక."

"లోపల ఏముందో తెలియదు."

"ఏముందో అందరికీ తెలుసు."

పిల్ల బొమ్మను మళ్లీ ఇటు తిప్పింది. నేనూ అడ్డు చెప్పలేదు. నాకు ఆ వైద్యం తెలియదు. తెలిసినా అనేదాన్ని కాదేమో. హెడ్ అన్నాక హెడ్.

అతుకు ఊడదీసిన రోజూ, ముసలాయన వచ్చే రోజూ ఒకటే అయింది. కావాలని కాదు. డైరెక్టర్ దాతల వీలు చూసి ముందుకు జరిపాడు. మధ్యాహ్నం వాళ్లొస్తారు, పొద్దున పొద తియ్యాలి. తీశాక కొలత చూసి మ్యాట్ కోయాలి గనక నేనూ బల్ల పక్కనే ఉన్నాను. హెడ్ చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది.

పిల్ల పొద మీద జెల్ ముద్ద పెట్టింది. అది నీటిని కొంచెం కొంచెంగా వదులుతుంది. కింద జిగురు నానాలి గానీ బొమ్మ తడవకూడదు. ఆ గదిలో ఎప్పుడూ ఒక మిషను గొణుగుతుంటుంది, గాలిలో తేమ సరిచూడ్డానికి. ఆ రోజు అదొక్కటే మాట్లాడింది. పిల్ల జెల్ తీసి, పలచటి స్టీలు బద్దను పొద అంచు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి కాస్త లేపింది. లేచింది. మళ్లీ జెల్. మళ్లీ బద్ద. ఆమె మెడ మీద చెమట చుక్క జారుతుంటే, అది బొమ్మ మీద పడుతుందని నా ప్రాణం పోయినంత పనైంది. అద్దుడు కాగితం తీసుకుని ఆమె మెడ ఒత్తాను.

"థాంక్స్ ఆంటీ. మాట్లాడకుండ్రి."

"నేనెక్కడ మాట్లాడాను?"

"గట్టిగ ఊపిరి తీస్తున్నరు."

పొద సగం లేచింది. ఆ కింద గోధుమరంగు కనిపించింది. పాత జిగురు అనుకున్నాం. ఇంకాస్త లేచింది. గోధుమరంగే. పిల్ల చెయ్యి ఆగింది. తల పైకెత్తలేదు. బద్దను ఇంకా లోపలికి జరిపి, పొద మొత్తాన్ని ఒక్క ముక్కగా తీసి పక్కనున్న కాగితం మీద పెట్టింది.

పొద కింద మనిషి లేడు. మనిషి ఆకారంలో కన్నం ఉంది.

టోపీ ఉంది, వంగిన వీపు ఉంది, మడిచిన మోకాళ్లు ఉన్నాయి. అన్నీ అంచులే. లోపల ఉండాల్సినవాణ్ణి ఎవరో కత్తిరించుకుని పోయారు. ఆ ఖాళీలోంచి వెనకనున్న గోధుమరంగు అట్ట కనిపిస్తోంది. ఒక్క చోట, మనకు ఎడమవైపున్న మోచెయ్యి మాత్రం మిగిలిపోయింది. కత్తెర అక్కడ తిరగలేక అడ్డంగా పోయినట్టుంది. గాలిలో ఒక మోచెయ్యి, దాని వెనక మనిషి లేడు.

హెడ్ వచ్చి చూసింది. ముఖం పాలిపోయింది. పొద ముక్కను తిరగేసి చూసింది. దాని వెనకా ఏమీ లేదు.

"ఏం చేశావు?" అంది.

"నేనేం చేయలేదు. ఇది పాత కోత. అంచుల్లో మురికి చూడండి, జిగురు కన్నంలోకి దిగి ఎండి ఉంది."

"నాకు కనిపిస్తోంది. డైరెక్టర్‌కి కనిపిస్తుందా? దాతలకు కనిపిస్తుందా? ఆ ముసలాయన గుండెకు కనిపిస్తుందా? పొద్దున బొమ్మకు పొద ఉంది, ఇప్పుడు కన్నం ఉంది. వాళ్లకు తెలిసేది అంతే." ఆవిడ గదిలో అటూ ఇటూ నడిచింది. "ఈ పని చేస్తానని కాగితం మీద సంతకం పెట్టింది నువ్వు."

 ముందు అట్ట తీద్దామన్నది ఎవరో, వద్దన్నది ఎవరో ముగ్గురికీ తెలుసు. ముగ్గురం చెప్పుకోలేదు.

హెడ్ నా వైపు తిరిగింది. "మ్యాట్ ఈ మూల రెండు వేళ్ల వెడల్పు లోపలికి కోయి. ఈ కన్నం కింద దాగాలి. అక్కడ కాగితం బలహీనంగా ఉంది, పొదను కదిలించడం ప్రమాదమని ఆగిపోయామని చెబుదాం. వాళ్లు వెళ్లాక పొద మళ్లీ అంటిద్దాం." పిల్లతో అంది. "నీ మంచికే."

అబద్ధం కాదు. అందులో పిల్ల మంచి కూడా ఉంది. సగమైనా ఉంది.

నేను బల్ల దగ్గరికెళ్లి కొత్త అట్ట పరిచాను. గీత గీశాను. పిల్ల వెనకాలే వచ్చి నిలబడింది.

"కోస్తున్నరా ఆంటీ?"

"కోయమన్నారు, కోస్తున్నాను."

"ఆయన ఎన్ని రోజులనుంచి ఎదురుచూస్తున్నడు. అబద్ధం చెప్పి పంపిస్తమా?"

"ఇది అబద్ధం కాదమ్మా, అట్ట. కింద ఏముందో అట్ట చెప్పదు, నువ్వూ చెప్పకు."

"మీరైతే చెప్పరా?"

"నేనైతే నోర్మూసుకుని నా హెచ్‌వన్ చూసుకుంటా. బొమ్మ పాడుచేసిందని ఒక్కసారి పేరు పడితే ఈ దేశంలో ఏ మ్యూజియం నిన్ను గుమ్మం ఎక్కనిస్తుంది? ఆ ముసలాయన నీకేమన్నా మేనమామా?"

"కాదు. గాని మా ప్రొఫెసర్ మొదటి రోజే చెప్పింది, చేసింది దాచిపెట్టేటోళ్లు ఈ పనికి రావద్దని."

"మీ ప్రొఫెసర్ సిటిజన్ అయ్యుంటుంది."

ఆమెకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. కళ్లల్లో నీళ్లతో నవ్వింది. అది చూసి నాకు ఒళ్లు మండింది. కత్తి ఏటవాలుగా పట్టుకుని కోశాను. నా చెయ్యి వణకలేదు. మ్యాట్ అద్భుతంగా వచ్చింది. బొమ్మ మీద పెడితే కన్నం మాయమైంది. దాంతోపాటు అల్లం రొట్టెల అంగడి సగం, ఒక కుక్క వెనక కాళ్లూ కూడా పోయాయి. తెలియనివాళ్లెవరూ పోల్చుకోలేరు.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. డైరెక్టర్, దాతలు, కర్ర పట్టుకుని ముసలాయన. ఆయన ఆ రోజు నెక్‌టై కట్టుకొచ్చాడు. నన్ను చూసి ఎప్పటిలాగే, "హలో, యంగ్ లేడీ," అన్నాడు. కుర్చీ వేసి బల్ల ముందు కూర్చోబెట్టాం. మ్యాట్‌కి వెనక అట్ట పుస్తకంలా ఎడమవైపు అతికి ఉంటుంది. మ్యాట్‌ను కుడి అంచు పట్టుకుని తలుపులా లేపితే బొమ్మ మొత్తం కనిపిస్తుంది. ఆ అంచు పక్కనే నేను నిలబడ్డాను. హెడ్ నిలబడమంది.

హెడ్ చెప్పాల్సింది చెప్పింది. చాలా బాగా చెప్పింది. ఆ మూల బలహీనమట, బొమ్మ క్షేమమే ముఖ్యమట. డైరెక్టర్ ముఖం ముడుచుకుంది. పెద్ద దాత ఒకావిడ గడియారం చూసుకుంది.

ముసలాయన బొమ్మ మీదికి వంగి ఆ మూలను వెతుక్కున్నాడు. అక్కడ తెల్ల అట్టే ఉంది. "పొద కూడా కనిపించడం లేదే," అన్నాడు.  కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "సరే. అయితే చూడకుండానే పోతానన్నమాట. మా నాయనమ్మే గెలిచింది." లేవబోయాడు.

"సర్, ఒక్క నిమిషం," అంది పిల్ల.

ఆమె చెయ్యి మ్యాట్ అంచు మీదికి వచ్చింది. ఆ క్షణంలో నా చెయ్యి దానంతటదే పోయి మ్యాట్‌ను కిందికి నొక్కింది. నేను ఆలోచించలేదు. అందరూ చూస్తున్నారు. ఆమె నా కళ్లలోకి చూసి తెలుగులో, మెల్లగా అంది.

"ఆంటీ, చెయ్యి తియ్యుండ్రి."

ఆ గదిలో ఆ మాట మా ఇద్దరికే అర్థమైంది. హెడ్‌కి అర్థం కాకపోయినా అర్థమైంది. ఆవిడ ముఖం చూశాను, పిల్ల ముఖం చూశాను. ఎంతసేపు నొక్కిపట్టానో తెలియదు. తీశాను.

పిల్ల మ్యాట్ లేపింది. "పొద ఈ రోజు పొద్దున నేను తీశాను. కింద మనిషి లేడు. మేము మీకు చెప్పింది తప్పు. ఎవరో ఎప్పుడో కత్తిరించేశారు."

దాతలావిడ "ఓ మై గాడ్" అంది. డైరెక్టర్ హెడ్ వైపు చూశాడు, హెడ్ నేలవైపు చూసింది.  ముసలాయన కాగితానికి ముఖం ఆనేంత దగ్గరగా వంగాడు. ఆయన వీపు కదలడం ఆగిపోయింది. నేను ఆయన కుర్చీ వెనక్కి పోయి నిలబడ్డాను, పడిపోతే పట్టుకుందామని. అంబులెన్సుకి ఫోన్ చేయాలని కూడా అనుకున్నాను.

ఆయన వేలు పైకి లేచింది. కాగితాన్ని తాకకుండా, గాలిలో, ఆ మోచేతి మీద ఆగింది.

"మోచెయ్యి," అన్నాడు. "మోచెయ్యి దగ్గర కత్తెర తిరగలేదు."

డైరెక్టర్ దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"అది కుట్టుపని కత్తెర. మా నాయనమ్మది. నా వేళ్లకు చాలా పెద్దది." ముసలాయన నెక్‌టై ముడి వదులు చేసుకున్నాడు. "కాగితం మనిషిని జేబులో పెట్టుకుని స్కూలుకి పట్టుకెళ్లాను. పిల్లలంతా విరగబడి నవ్వారు. వాడు నాకు గుర్తున్నాడు. ఏదో పాత పత్రికలోంచి కత్తిరించాననుకున్నాను ఇన్నాళ్లూ. ఇందులోంచి అని..."

ఆయన తాత బెల్టు తీసి కొట్టే మనిషట. ఈ బొమ్మ ఆయనకు ప్రాణమట. నాయనమ్మ కన్నాన్ని ముందుగా చూసి ఉంటుంది. పొద గీసి అంటించింది. వెలుతురుకి పట్టినా తెలియకుండా కాగితం మొత్తాన్ని అట్టకు అంటించేసింది. మొగుడు అడిగితే సిగ్గుమాలిన బొమ్మ గనక కప్పానని చెప్పింది. ఆ చలికాలమంతా తాత ఆమెతో భోజనాల దగ్గర మాట్లాడలేదట. పిల్లాడిగా అది మాత్రం ఆయనకు బాగా గుర్తుంది.

"నేను ఆవిడ మీద జోకులు వేశాను," అన్నాడు ముసలాయన. "ఆవిడ శవపేటిక పక్కన నిలబడి కూడా వేశాను." ఈసారి కర్ర కొట్టలేదు.

అందరూ వెళ్లాక హెడ్ పిల్లను వరండాలోకి పిలిచింది. తలుపు తీసే ఉంది గనక విన్నాను. "ఇంకోసారి నా మాట కాదనేముందు నాకు చెప్పు," అంది. "చెప్పే టైము మీరియ్యలేదు," అంది పిల్ల.  తర్వాత హెడ్ గొంతు. "అట్ట ముందు తీయాలన్నావు. నేను వద్దన్నాను. డైరెక్టర్‌తో ఆ మాట కూడా చెబుతాను." చెప్పింది. పాపం, చెప్పడానికి రెండు రోజులు అన్నం సహించలేదు ఆవిడకి. పిల్లను పర్మనెంట్ చేశారు. హెచ్‌వన్ ఫైల్ అయింది.

ఇది చదివి, నిజం చెప్తే మంచే జరుగుతుందని మీ పిల్లలకు చెప్పకండి. ఆ ముసలాయనకు మోచెయ్యి గుర్తురాకపోతే ఏమయ్యేది? పిల్ల విమానం ఎక్కేది, హెడ్ ఇంకొకరిని తీసుకునేది, నేను ఇంకో మ్యాట్ కోసేదాన్ని. జరిగింది అదృష్టం. కానీ ఆమె మ్యాట్ లేపినప్పుడు ఆ అదృష్టం ఇంకా రాలేదు. నాకు ఆ పిల్ల మీద ఇప్పటికీ కోపం ఉందంటే అందుకే. ఆమె నా కూతురైతే ఆ రోజు చెంప పగలగొట్టేదాన్ని. గౌరవం సంగతి వేరు, అదీ ఉంది.

నేను కోసిన ఇరుకు మ్యాట్‌ను ఆమె అడిగి తీసుకుంది. తన బల్ల పైన గోడకు తగిలించింది, ఖాళీగా. నేను వెళ్లినప్పుడల్లా దాన్నే చూసేదాన్ని. కోత మాత్రం తప్పుపట్టడానికి లేదు.

ఎగ్జిబిషన్‌లో ఆ బొమ్మను కన్నంతోనే పెట్టారు, పక్కన పొదను విడిగా పెట్టారు. జనం వేరే బొమ్మలు వదిలేసి దాని ముందే గుమిగూడారు. ముగిశాక ముసలాయన వచ్చాడు, ఈసారి చక్రాల కుర్చీలో. "పొద మళ్లీ అంటించండి. ఆవిడ పెట్టినట్టే ఉండనివ్వండి," అన్నాడు. బొమ్మ ఆయనది, హెడ్ సరేనంది. అతుకులు అంటించడం నా పనే. పలచగా కాచిన గోధుమ పిండి జిగురు కలిపాను. అది ఎప్పుడు తడిపినా ఊడొస్తుంది. పిల్ల పొదను రెండు బద్దల మీద పట్టుకుని పాత గుర్తుల మీదికి తెచ్చింది.

"వెంట్రుకవాసి కుడికి," అన్నాడు ముసలాయన.

"పాత చోటు ఇదే సర్," అంది పిల్ల.

"నాకు తెలుసమ్మా. వెంట్రుకవాసి."

పిల్ల హెడ్ వైపు చూసింది. హెడ్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. పిల్ల జరిపింది. నేను పైన అద్దుడు కాగితం పెట్టి అరచేత్తో నొక్కిపట్టాను, ఎవరూ చెయ్యి తీయమనలేదు. ఆరాక తీసి చూశాం. పొద అంచు దాటి మోచేతి కొస బయటికొచ్చి కనిపిస్తోంది. ఇప్పుడు ఆ బొమ్మ చూసేవాళ్లెవరైనా పొద వెనక ఒక మనిషి ఉన్నాడనే అనుకుంటారు.